బౌలర్లకీ కాస్త పచ్చిక వదలండి

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఉంటూ ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌ని వెనకేసుకొచ్చే తెలుగువాడికి చుట్టూ ముంబై అభిమానులే. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో మనవాళ్లు 277 బాదితే, మా బొగ్గుగని కాలనీలో ఈల వేసింది నేనొక్కణ్నే. ముంబై ఊరుకుందా? 246 దాకా తరుముకొచ్చింది. పక్కింటి కాకా "ఆతా బఘ్!" (ఇప్పుడు చూడు!) అంటూ కుర్చీ అంచుకి జరిగాడు, నాకు చెమటలు పట్టాయి. మొత్తం 523 పరుగులు, 38 సిక్సర్లు.

అయినా నా మనసులో నిలిచింది ముంబై బౌలర్ క్వెనా మఫాకా. పదిహేడేళ్ల కుర్రాడు, ఐపీఎల్‌లో తొలి మ్యాచ్, నాలుగు ఓవర్లలో 66 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్టూ లేదు. మన ఓపెనర్ ట్రావిస్ హెడ్ బాదుతుంటే ఎగిరి గంతేసినవాణ్ని, ఆ పిల్లాడి మొహం చూసి చల్లబడ్డాను. ఇది పోటీయా, బ్యాటర్ల జాతరా? పిచ్ మీద కాస్త పచ్చిక ఉంచితే పిచ్ తయారుచేసేవాళ్ల సొమ్మేం పోయింది? ఆ రాత్రి మన కెప్టెన్ ప్యాట్ కమిన్స్ 35 పరుగులకే రెండు వికెట్లు తీశాడు. మా కాలనీలో ఆ స్పెల్ ఊసెత్తినవాడు లేడు.