ముందు సీటు ఎవరిది?

శృంగవరపుకోట దాటి అరకు ఘాటు రోడ్డు ఎక్కితే చాలు, కారులో ఎవరో ఒకరు నిమ్మకాయ వాసన చూడటం మొదలుపెడతారు. "ఈ గుంటడికి కారు పడదు" అని నవ్వి, వాణ్ణి వెనక సీట్లో మధ్యన ఇరికిస్తారు. ముందు సీటు మాత్రం మావయ్యగారిది. ఇది సరికాదని నా అభిప్రాయం.

ఎందుకో చూడండి. మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలున్నాయి. తల తిరిగినప్పుడల్లా వాటిలోని ద్రవం కదలి, ఆ సంగతి మెదడుకు తెలుపుతుంది. వెనక కూర్చున్నవాడి కళ్లకు కనిపించేదేమిటి? ముందు సీటు వీపు! అది కదలదు. చెవి ఒకటి చెబుతుంది, కన్ను మరొకటి చెబుతుంది. ఈ పేచీ తెగక కడుపులో తిప్పుతుంది. పుస్తకం చదివితే మరీను.

1882లో అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ 519 మంది బధిరుల సంగతి పరిశీలించగా, వారిలో 186 మందికి గిర్రున తిప్పినా కళ్లు తిరగలేదు. లోపలి చెవి బొత్తిగా పనిచేయనివారికి ప్రయాణంలో వాంతులూ రావు. అంటే మన గుంటడి చెవి భేషుగ్గా ఉన్నదన్నమాట. నవ్వడం దేనికి?

డ్రైవరుకు ఈ బాధ అరుదు. మలుపు రాకముందే అతనికి తెలుసు. ముందు కూర్చుని దూరంగా రోడ్డును చూసేవాడికీ కొంత తెలుస్తుంది. నిమ్మకాయను నేను తప్పుపట్టను గాని, అది మలుపును ముందుగా చెప్పలేదు. మాత్ర అయితే వైద్యుణ్ణి అడిగి బయలుదేరే ముందే వేసుకోవాలి.

ఈసారి సాలూరు నుంచి కోరాపుట్ వైపు కొండెక్కేటప్పుడు ముందు సీటు అడిగి చూడండి. బెల్టు పెట్టుకోవడం మరవకండి.