ఇయర్‌బడ్స్ పాపమా అని అడిగిన పెద్దలకు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు మా దగ్గరకు వచ్చారు. ప్యాడ్స్ వాయించే అబ్బాయి పాటలప్పుడు చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుంటున్నాడట. "అయ్యగారూ, మందిరంలో ఇవేంటండీ? వచ్చే వారం నుంచి ఎవరూ తేకూడదని మీరు గట్టిగా చెప్పాలండి" అన్నారు. ఆ రోజు మాకు నోరు రాలేదు. ఎందుకంటే మా జేబులో కూడా ఒక జత ఉంది. దాని సంగతి ముందు చెప్పుకోవాలి.

కువైట్‌లో పనిచేసే మన సహోదరి ఒకరు సెలవుకు వచ్చినప్పుడు తాను వాడినవి మాకిచ్చి వెళ్లారు. మా ఇంటి వెనక రొయ్యల చెరువులున్నాయని మీకు తెలుసు. రాత్రంతా ఏరియేటర్ల మోత. శనివారం రాత్రి వాక్యం సిద్ధపడుతుంటే ఆ మోత తలలోకి ఎక్కేస్తుంది. అది చూసే ఆమె ఇచ్చారు.

కలుపుకోవడానికే మాకు ఒక సాయంత్రం పట్టింది. డబ్బా మూత తీయగానే అవి ఆమె ఫోన్‌కే అతుక్కునేవి, మా ఫోన్‌లో పేరు కూడా కనబడేది కాదు. పాత ఫోన్‌లో బ్లూటూత్ జాబితాలోకి వెళ్లి 'ఫర్గెట్' నొక్కి, ఆ తర్వాత డబ్బా మీద బటన్ లైటు మిణుకుమనే దాకా పట్టుకోవాలని మా అబ్బాయి చూపించాడు. దాని యాప్ వేసుకుంటే కాంటాక్టులు చూడనివ్వమని అడిగింది. పాట వినడానికి సంఘస్థుల నంబర్లు దానికెందుకు? వద్దని నొక్కాము, అయినా పనిచేసింది. ప్యాకెట్లో మూడు సైజుల రబ్బరు టిప్పులున్నాయి. చెవికి సరిపడేది పెట్టుకోకపోతే మోత సందులోంచి వచ్చేస్తుంది, ఎంత ఖరీదైనదైనా ఉపయోగం లేదు.

అది మోతను ఎలా ఆపుతుందో కూడా చెబుతాము, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. బయట ఉన్న చిన్న మైకు చుట్టూ ఉన్న మోతను వింటుంది. దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని లోపలి స్పీకరు పుట్టిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫ్యాను, బస్సు ఇంజను, ఏరియేటరు లాగా ఒకే తీరుగా సాగే మోతలు బాగా తగ్గుతాయి. మనిషి మాట, హారన్ అంతగా తగ్గవు. అమర్ బోస్ అని, బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన ఆచార్యుడు, 1978లో జ్యూరిచ్ నుంచి విమానంలో ఇంటికి పోతూ ఇంజను మోతలో పాట వినబడక ఈ ఆలోచన మొదలుపెట్టాడు. 1989లో ఆయన కంపెనీ విమానం నడిపేవాళ్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. గమనించండి, పైలట్‌కి ఇంజను మోత పోవాలి గానీ కింద నుంచి పిలిచే మాట పోకూడదు.

మాకు ఆ మాటే పోయింది.

ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక మోత తగ్గించే సెట్టింగు చివరిదాకా పెట్టి, దాని మీద పాటలు కూడా పెట్టుకుని రాసుకుంటున్నాము. మన సంఘంలోని ఒక తల్లి మా గేటు కొట్టింది. భర్తకు గుండెలో నొప్పి. మా ఇంట్లో కారుందని వచ్చింది. కొట్టి కొట్టి, చివరికి సెంటర్ దాకా నడిచి వెళ్లి ఆటో దొరకబుచ్చుకుని అమలాపురం తీసుకెళ్లింది. దేవుని కృపవల్ల ఆయన కోలుకున్నారు. ఆమె సెలవిస్తేనే ఇది రాస్తున్నాము. "పడుకుండిపోయారేమో అనుకున్నానండి అయ్యగారూ" అన్నది ఆమె. మేము పడుకోలేదు. రెండు వారాలు ఆమెను అలాగే అనుకోనిచ్చాము. మూడో వారం వెళ్లి నిజం చెప్పాము. ఆమె కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

బాల సమూయేలు రాత్రివేళ పిలుపు వినబడితే ముసలి ఏలీయే పిలిచాడనుకుని మూడుసార్లు లేచి పరుగెత్తాడు. అది చాలాసార్లు బోధించాము. మళ్లీ బోధించడానికి మాకు కొంత కాలం పడుతుంది.

అయినా ఇవి మానెయ్యమని మేము చెప్పము. చుట్టూ మోత తగ్గితే పాట సౌండు పెంచుకునే పని ఉండదు, అది చెవికి మేలే. పెద్దలకు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఫోన్‌లో వాల్యూమ్‌కు హద్దు పెట్టుకోండి. బయటి మాట లోపలికి రానిచ్చే సెట్టింగు చాలావాటిలో ఉంది, యాంబియెంట్ అనో ట్రాన్స్‌పరెన్సీ అనో రాసి ఉంటుంది. మా వాటిలో వేలితో నొక్కి పట్టుకుంటే అదే వచ్చేలా యాప్‌లో మార్చుకున్నాము. కాలువ గట్టు మీద బండి నడిపేటప్పుడు మాత్రం ఏ సెట్టింగూ వద్దు, డబ్బాలో పెట్టెయ్యండి.

ఇక ప్యాడ్స్ అబ్బాయి. మేము విడిగా పిలిచి అడిగితే, "బాక్సు నా చెవి పక్కనే ఉందండి అయ్యగారూ, ఇంటికెళ్లాక కూడా చెవులు గుయ్యిమంటున్నాయండి" అన్నాడు. ఈ మాటకు ఆ అబ్బాయిని తిట్టాలా, బాక్సును జరపాలా? మద్రాసులో చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ సంఘం మీద చుట్టుపక్కల కాలనీవాళ్లు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మైకులతో, డ్రమ్ములతో ఇతరుల నెమ్మది చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000లో కోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు మన గురించి కాదని ఇన్నాళ్లూ అనుకున్నాము. మన మందిరం గోడ అవతల చంటిపిల్ల ఉన్న ఇల్లుంది. వాళ్లకు ఇయర్‌బడ్స్ ఎవరిస్తారు?

కాబట్టి పెద్దలు అడిగిన ప్రకటన మేము చెయ్యము. వచ్చే ఆదివారానికి బాక్సులు రెండూ లోపలివైపు తిప్పించి సౌండు తగ్గిస్తున్నాము. అప్పటికీ ఆ అబ్బాయి చెవుల్లో అవే ఉంటే మాట్లాడదాము. మా శనివారాల సంగతంటారా, రాత్రి ఒక చెవిదే వాడుతున్నాము, ఎడమది డబ్బాలోనే ఉంటుంది. గేటుకు కరెంటు బెల్లు కూడా పెట్టించాము. స్విచ్ కుడివైపు స్తంభానికి, కొబ్బరి మొక్క వెనక ఉంది. చీకట్లో కనబడకపోతే చేత్తో తడమండి.