నిజాం షుగర్స్: 51 శాతం వాటా తిరిగొస్తే కార్మికుడి బాకీ తీరుతుందా?

నిజాం షుగర్స్ తెరుస్తామనే మాట ఎన్నికలు వస్తే చాలు బోధన్‌లో వినిపిస్తుంది. దానితో పాటే ఇంకో మాట: ప్రైవేటోళ్ల దగ్గరున్న 51 శాతం వాటా సర్కారు వెనక్కి తీసుకుంటే పని అయిపోతుందని. లెక్క చూస్తే అంత సులువుగా లేదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1937లో పెట్టిన ఫ్యాక్టరీ ఇది. 2002లో చంద్రబాబు ప్రభుత్వం బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లను నిజాం దక్కన్ షుగర్స్ పేరుతో కలిపి, 51 శాతం డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చింది. 49 శాతం సర్కారు దగ్గరే ఉంది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్. తర్వాత వ్యవహారం హైదరాబాద్‌లోని కంపెనీల ట్రిబ్యునల్‌కు పోయింది. 2019 జూన్‌లో లిక్విడేషన్ ఆర్డర్ వచ్చింది, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని.

అమెరికాలో పెద్ద బ్యాంకులు మూడు నెలల ఫలితాలప్పుడు ఒక పక్క కోర్టు కేసులకు డబ్బు పక్కన పెడతాయి, ఇంకో పక్క సొంత షేర్లు తామే కొంటాయి. మిగులు ఉంది కాబట్టి నడుస్తుంది. మన కంపెనీల చట్టంలో బ్యాంకు టర్మ్ లోన్ ఎగ్గొట్టిన కంపెనీకి ఆ వీలు లేదు. బాకీ తీర్చాక కూడా మూడేళ్లు ఆగాల్సిందే. కాబట్టి బోధన్‌లో అనుకునే 'వెనక్కి తీసుకోవడం' అంటే సర్కారు తన జేబులోంచి వాటాదారుకు డబ్బు ఇవ్వడమే. అందులో ఒక్క రూపాయి కూడా కార్మికుడికి రాదు, బ్యాంకు అప్పూ తగ్గదు.

లిక్విడేషన్‌లో డబ్బు పంచే వరుసను దివాలా చట్టం రాసి పెట్టింది. ముందు ప్రక్రియ ఖర్చులు. ఆ తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తనఖా వదులుకుని వచ్చిన బ్యాంకులు, ఇద్దరూ సమానంగా. అందరికంటే చివర నిలబడేది మామూలు షేర్లున్నవాళ్లు. మనం ఇన్నేళ్లు కొట్లాడింది ఆ చివరి వరుస గురించి.

ఇంకో మెలిక ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ 24 నెలలు లిక్విడేషన్ మొదలైన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. అంటే 2017 జూన్ వరకే. లేఆఫ్ పడింది 2015 చివర్లో కదా! ఆ మధ్య ఏడాదిన్నర బకాయి ఉన్నవాళ్లు కింది వరుసకు జారిపోతారు. పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్లలో ఉన్న డబ్బు మాత్రం ఈ పంపకంలోకి రాదు, అది కార్మికుడిదే.

2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. బ్యాంకుల బాకీ ఒకేసారి తేల్చే మాట కూడా నడిచింది. మంచిదే. బ్యాంకుతో సెటిల్‌మెంట్ చేసుకునేటప్పుడు 2015 నుంచి 2017 దాకా ఉన్న కూలి లెక్క కూడా అదే కాగితంలో రాస్తారా? నాయకులు గల్లీకి వచ్చినప్పుడు వాటా సంగతి కాదు, ఇది అడగాలి. మీ ఇంట్లో ఫ్యాక్టరీలో చేసిన అబ్బాజాన్, చాచా ఎవరైనా ఉంటే వాళ్ల అపాయింట్‌మెంట్ లెటర్, జీతం చీటీలు, పీఎఫ్ నంబర్ పాత పెట్టెల్లో ఉన్నాయేమో ఈ వారమే వెతకండి.