ఒక్క కాపీ, ఒక్క గవాహి

ఫుప్పు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. "బేటా, మీ అబ్బా రాసిచ్చిన కాగజ్ నీ దగ్గరే ఉంది కదా?"

ఉందని చెప్పలేకపోయాను. శామీర్‌పేట దగ్గర మాకున్న కొద్దిపాటి జమీన్‌లో తన చెల్లెలి హిస్సా ఎంతో అబ్బా ఉర్దూలో రాసి దస్తఖత్ చేసిన కాగజ్ అది. మేడ్చల్‌లో ఒక జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి ఆఫీసు మెయిల్‌లో దాచాను. ట్రంకు పెట్టెలోని అసలుదాన్ని చెదలు తినేసినప్పుడు కూడా ఫికర్ పడలేదు. మెయిల్‌లో ఉంది కదా అని భరోసా.

ఒక జుమ్మా నాడు ఆఫీసులో నోటీసు వచ్చింది: రొటీన్ మెయింటెనెన్స్, శనివారం రాత్రి మెయిల్ పనిచేయదు. సోమవారం చూస్తే పాత ఫోల్డర్ల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు. సర్వర్లు చూసే పిల్లగాడిని అడిగాను. "కొత్త సర్వర్‌కు మార్చేటప్పుడు పాతవి రాలేదు భాయ్. బ్యాకప్ ఉంది గానీ ఓపెన్ అయితలేదు" అన్నాడు.

ఓపెన్ చేసి చూడని బ్యాకప్‌ని బ్యాకప్ అనకూడదు. అది ఉత్త ఉమ్మీద్.

పెద్ద కంపెనీలకు ఇలాంటివి జరగవనుకోకండి. 2011 ఫిబ్రవరి చివర్లో గూగుల్ తన స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేస్తే, అందులోని బగ్ వల్ల జీమెయిల్ వాడేవాళ్లలో 0.02 శాతం మంది మెయిళ్లు మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో ఉన్న కాపీలకూ ఆ బగ్ తగిలింది. చివరికి కాపాడింది నెట్‌వర్క్‌తో కలపకుండా విడిగా దాచిన టేపులు. తేడా అక్కడే ఉంది. మెయింటెనెన్స్ వాళ్లూ చేశారు, మా ఆఫీసూ చేసింది. వాళ్ల దగ్గర తిరిగి తేగలిగిన కాపీ ఉంది.

"ఫోన్‌లో కనిపిస్తోంది కదా" అంటారు చాలామంది. ఫోన్‌లోది నీడ. సర్వర్‌లో మెయిల్ పోతే, ఫోన్ మళ్లీ సర్వర్‌తో కలిసిన వెంటనే అక్కడా పోవచ్చు.

మా ఇలాఖాలో ఈ మాట ఇంకా బరువైనది. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది ఇక్కడి మూడుచింతలపల్లిలోనే. 2024 డిసెంబర్‌లో డేటాబేస్ అప్‌గ్రేడ్ కోసం దాన్ని కొన్ని రోజులు ఆపారు. 2025 ఏప్రిల్‌లో భూ భారతి వచ్చింది. జమీన్ అంతా సర్వర్‌లోకి ఎక్కాక, సర్వర్‌ని ముట్టుకునేవాడి చేతిలో ఉన్నది మన అమానత్. వాడికి మూడు జిమ్మేదారీలు ఉండాలి. పని మొదలుపెట్టే ముందు కాపీ తీయాలి. ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో చూడాలి. అంతా సరిగ్గా వచ్చిందని తేలేదాకా పాతదాన్ని తుడిచేయకూడదు.

అయితే గఫ్లత్ నాది కూడా. ఇంటి దస్తావేజుని నౌకరీ మెయిల్‌లో దాచింది నేనే. సూరె బఖరా 282వ ఆయత్‌లో అప్పు ఇచ్చినా తీసుకున్నా రాసుకోమని, ఇద్దరు గవాహీలను పెట్టుకోమని హుకుం ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఒక్క కాపీ అంటే ఒక్క గవాహి అని మాత్రం తట్టలేదు. ఇప్పుడు ముఖ్యమైన మెయిళ్లన్నీ దింపి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఇంకొకటి వేరే ఇంట్లో ఉంది. రంజాన్‌కు ముందు ఏటా ఒకసారి తెరిచి చూడాలని నియ్యత్.

ఆ కాగజ్ కోర్టులో ఎంత చెల్లేదో వేరే సంగతి. మా ఇంట్లో మాత్రం అదే గవాహి. ఇప్పుడు తమ్ముడు "కాగజ్ ఉంటే చూపించు" అంటున్నాడు. వాడు జూఠా కాదు, అప్పటికి చిన్నవాడు, చూడలేదు. అబ్బా రాస్తుండగా పక్కన కూర్చుని చూసింది నేను. వచ్చే జుమ్మా నమాజ్ తర్వాత ఫుప్పు ఇంట్లో అందరం కూర్చుంటున్నాం. నా నోటి మాట ఒక గవాహి. రెండోదాన్ని మాత్రం నేనే పోగొట్టాను.