బ్యాలెన్స్ అట, బ్యాలెన్స్!

మొన్న బోనాలకు లాల్‌దర్వాజ దగ్గర ఓ గల్లీలో స్టేజి కట్టారు. జానపదాలు పాడుతూ, అప్పుడప్పుడూ సీరియళ్ళలో వేసే ఒకామె వచ్చింది. నాలుగు పాటలయ్యాక యాంకరు కుర్రాడు మైకు ఆమె మూతి దగ్గర పెట్టి "ఇల్లు, ఇండస్ట్రీ రెండూ ఎట్ల బ్యాలెన్స్ చేస్తున్నరక్కా?" అన్నాడు. డప్పు కొట్టిన ఆమె మొగుడు పక్కనే నిలబడి కండువాతో చెమట తుడుచుకుంటున్నాడు. వాళ్ళ పిల్లగాడు స్టేజి వెనక ఢోలక్ గలీబు మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. డప్పాయన్ని ఎందుకడగలేదయ్యా? ఆయనకు వేరే ఇల్లేమన్నా ఉందా?

ఒళ్ళు మండి ఇంటికొచ్చి చెబితే మా బాబాయి ఇంకాస్త నూనె పోశాడు. "సినిమా భానుమతిని చూడు, ఇల్లూ నటనా రెండూ చక్కబెట్టింది. పొగరుతోని 'మిస్సమ్మ' సినిమా పోగొట్టుకుంది గానీ."

పొగరట! గొడవైన ఆ షూటింగు రోజు వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో పూజ ఉంది, మధ్యాహ్నం వస్తానని ఆమె చీటీ పంపిందట, అది నిర్మాత చక్రపాణి చేతికి అందలేదట. ఆలస్యమెందుకైందని ఆయన గద్దించాడు, క్షమాపణ చెప్పనని ఆమె భీష్మించింది. అప్పటికి తీసిన నాలుగు రీళ్ళూ తగలబెట్టారంటారు. ఆ వేషం సావిత్రికి వెళ్ళింది, 1955లో సినిమా వచ్చింది. సావిత్రి మీద నాకేం కోపం లేదు, ఎవరికుంటుంది! కానీ ఆడది ముందు ఇల్లు చూసుకోవాలని సుద్దులు చెప్పే లోకమే, ఆమె ఒక్క పూట ఇల్లు చూసుకుంటే కొంప మునిగినట్టు చేసింది. ఇల్లు పక్కనబెడితే గయ్యాళి, పని పక్కనబెడితే పొగరుబోతు. ఈ తక్కెడలో రాళ్ళన్నీ ఎవరివి? హీరోలు మధ్యాహ్నం దాకా నిద్రలేవకపోతే అది మూడ్!

అసలు భానుమతి 1943లో పి.ఎస్. రామకృష్ణారావును పెళ్ళాడి సినిమాలు మానుకుంది. బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ'తో మళ్ళీ లాక్కొచ్చాడు. తర్వాత కొడుకు భరణి పేరునే సినిమా కంపెనీ. 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తనే డైరెక్టు చేసింది, తనే నటించింది, తనే పాడింది. అత్తగారి మడీ ఆచారం చూసి నవ్వుకున్న నవ్వే 'అత్తగారి కథలు' అయింది. ఇందులో ఇల్లెక్కడ అయిపోయింది, పనెక్కడ మొదలైంది? గీత గీసి చూపించు బాబాయ్. రామకృష్ణారావూ డైరెక్టరే కదా, సంసారం ఎలా నెట్టుకొస్తున్నారని ఆయన్ని ఎవరైనా అడిగారా?

ఇల్లూ పనీ ఇలా కలిసిపోవడం మా పాతబస్తీ వాళ్ళకేం కొత్త కాదు. నిజాం దర్బారులో ఆడి పాడి, గజళ్ళు రాసిన తవాయిఫ్ మహ్ లఖా బాయి చందా మగదుస్తుల్లో దండుతో యుద్ధాలకు వెళ్ళింది. 1792లో మౌలాలి గుట్ట కింద తల్లికి సమాధి కట్టించింది. 1824లో తనూ తల్లి పక్కనే చేరింది. తవాయిఫ్‌కు కుటుంబమేంటి అంటారు కొందరు.

వచ్చే ఏడు బోనాల కమిటీలో దూరుతాను. యాంకరు చదివే కాగితం నేనే రాసిస్తాను. మొదటి ప్రశ్న డప్పాయనకు: "అన్నా, పిల్లగాడు అన్నం తిన్నడా?" ఆ తర్వాత ఆమెను ఏమడగాలో ఇంకా తట్టలేదు. పాట గురించి అడిగితే సరిపోతుందేమో.