జమాఖర్చు: కాగితం మీద పేరు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మూడోది ఒకటి మరిచిపోయారు: పిల్లని పై దేశం పంపి చూడు. మొదటి రెండింటికీ మా బ్యాంకులో అప్పు దొరుకుతుంది. మూడోదానికి ఏ స్కీమూ లేదు.

కిందటేడు ఆగస్టులో మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో కాపురం పెట్టారు. టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ పక్కన ఇర్వింగ్ అనే ఊరు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు ఇరవైమూడు కిలోలు. అందులో మా ఆవిడ తన వంతుగా ఒక మిక్సీని చీరలో చుట్టి పెట్టింది. వద్దన్నాను, వినలేదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మిక్సీ అక్కడ తిరగనంటే తిరగను అని మొరాయించింది. అక్కడి కరెంటుకు పనికొచ్చే మిక్సీలు అక్కడి మన కొట్లలోనే అమ్ముతున్నారని తర్వాత తెలిసింది. నాలుగు కిలోల బరువు పోను పచ్చళ్ళు పట్టేవి కదా అని ఇప్పటికీ నా బాధ.

చేరిన రెండోవారం కొత్తింట్లో పాలు పొంగించారు. వాళ్ళకి పొద్దున ఏడు, మాకు సాయంత్రం ఐదున్నర. ఫోనులో చూస్తూ ఇక్కడ మా ఆవిడ దీపం పెట్టింది. గ్యాసు పొయ్యి కాదు, కరెంటు పొయ్యి. ఎంతసేపటికీ కాగని పాలు ఒక్కసారిగా పొంగి పొయ్యి మీద మాడాయి. ఆ పొగకి ఇంటి కప్పుకున్న అలారం కూయడం మొదలుపెట్టింది. అల్లుడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నాడు, అమ్మాయి తలుపులు తెరుస్తోంది. "మంగళ వాద్యం ఏర్పాటు కూడా వాళ్ళే చేశారే" అన్నాను. నవ్వుకున్నాం. తిరగవాత వేసేముందు కిటికీ తెరవాలన్నది ఆ ఇంట్లో నేర్చుకున్న మొదటి పాఠం.

అసలు సంగతి తర్వాత మొదలైంది.

మనకి తమిళనాడులో కరెంటు అంటే ఒక్కటే బోర్డు. డల్లాస్ పక్క అలా కాదు. 2002 నుంచి కరెంటు అమ్మే కంపెనీలు పలు ఉన్నాయి. అద్దెకున్నవాళ్ళే ఒకదాన్ని ఎంచుకుని కనెక్షన్ తీసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర ఉండదు గనుక డిపాజిట్ కట్టమంటారు. ముప్ఫై ఏళ్ళు అప్పులిచ్చిన నేను, నా కూతురింటి దీపానికి పరపతి లేదనడం విని కాసేపు మాట్లాడలేకపోయాను. అల్లుడు డిపాజిట్ కట్టి కనెక్షన్ తన పేరిట తీసుకున్నాడు. ఇంటి అద్దె ఒప్పందం అతని పేరిటే. మా అమ్మాయిని అందులో కూడా ఉండే మనిషిగా మాత్రమే రాశారు. బ్యాంకు ఖాతా కూడా జీతం పడేది గనుక అతని ఒక్కడి పేరిటే తెరిచాడు. అతని తప్పేం లేదు, తొందరలో జరిగిన పని.

నవంబరులో ఒకరాత్రి అమ్మాయి ఫోను చేసింది. కారు నడపడానికి లైసెన్సు కోసం వెళ్ళిందట. అక్కడ ఇంటి చిరునామాకు రెండు రుజువులు చూపాలి. అద్దె ఒప్పందమో, కరెంటు బిల్లో, బ్యాంకు స్టేట్‌మెంటో. ఒక్కదాని మీదా తన పేరు సరిగా లేదు. వెనక్కి వచ్చేసింది.

"నాయనా, నేనిక్కడ ఉన్నానని చెప్పే కాగితం ఒక్కటీ లేదు" అంది.

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. బెంగుళూరులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసిన పిల్ల. భర్త ఉద్యోగం మీద భార్యకిచ్చే హెచ్ 4 వీసాలో పని చేయడానికి అనుమతి ఉండదు. 2015 నుంచి కొందరికి ఇస్తున్నారు గానీ, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటాక. పని అనుమతి లేనివాళ్ళకు సోషల్ సెక్యూరిటీ నెంబరు కూడా ఇవ్వరు.

ఇందులో నా పాత్ర కూడా ఒకటుంది. ఆమె వెళ్ళిన నెలలోనే ధర్మపురిలో ఆమె సేవింగ్స్ ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించాను. ఉద్యోగానికో, కాపురానికో దేశం విడిచినవాళ్ళు పాత ఖాతాను మామూలు ఖాతాగా ఉంచుకోకూడదు. అది చట్టం. ఆ ఫారం నేను వందలమందికి ఇచ్చాను. "ఇక్కడ సంతకం, ఇక్కడ తేదీ" అని వేలు పెట్టి చూపించాను. మా అమ్మాయి పేరు పక్కన 'నాన్ రెసిడెంట్' అని గడి నింపేటప్పుడు మాత్రం పెన్ను ఆగింది. ఇక్కడి కాగితం ఆమె ఇక్కడ లేదంటోంది. అక్కడ ఉందనే కాగితం లేదు. మరి పిల్ల ఎక్కడుంది?

మర్నాడు అల్లుడితో మాట్లాడాను. మంచివాడు, నేను చెప్పేలోగానే సగం పని చేశాడు. బ్యాంకు ఖాతాను ఇద్దరి పేరిట మార్పించాడు. అద్దె ఒప్పందంలో ఆమెను కూడా సంతకందారుగా చేర్పించాడు. జనవరిలో లైసెన్సు వచ్చింది. ఆ ఫోటోలో మా అమ్మాయి నవ్వలేదు గానీ, దాన్ని చేత్తో పట్టుకుని మాకు పంపిన ఫోటోలో నవ్వింది.

పిల్లలను పంపుతున్న మిత్రులకు నా అనుభవం నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒకటి, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు వీటిలో కనీసం రెండు మొదటిరోజే ఇద్దరి పేరిట పెట్టించండి. రెండు, ఇక్కడి ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా మార్చండి. వాళ్ళు అక్కడినుంచి పంపే డబ్బుకు ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరే తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. మూడు, ఎన్.ఆర్.ఓ. వడ్డీ మీద ముప్ఫై శాతం పైగా పన్ను ముందే కోస్తారు. అమెరికాలో పన్ను కట్టేవాళ్ళు అక్కడి ధ్రువపత్రం తెచ్చిస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం అది పదిహేను శాతమే. నాలుగు, అక్కడ పన్ను కట్టేవాళ్ళకు ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి తెలియజేయాలి. దాచితే జరిమానా పెద్దది.

ఇదంతా భోజనాల దగ్గర గొప్పగా చెబుతున్నాను. మా ఆవిడ మజ్జిగ పోస్తూ అడిగింది: "బాగుందండీ. మరి ఈ ఇంటి కాగితాల్లో నా పేరు ఎక్కడుంది?"

నాకు మజ్జిగ దిగలేదు.

1998లో చిత్తూరునుంచి బదిలీ మీద ధర్మపురి వచ్చాం. అప్పుడు కృష్ణగిరి, హోసూరు కూడా ఈ జిల్లాలోనే ఉండేవి, 2004లో విడిపోయాయి. మా ఆవిడది పుంగనూరు. ఆమెకు తమిళం మాట ఎంతో కొంత వచ్చు, అక్షరం రాదు. సేలం, పెన్నాగరం అని బస్సుల బోర్డులు చూసి చదవడం నేర్చుకుంది. ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. 2013లో హొగేనకల్ పథకం కావేరి నీళ్ళు వచ్చేదాకా తాగే నీళ్ళకు ఆమె పడ్డ తిప్పలు చూశాను. 2006లో ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు లెక్కపెట్టింది, గోడలు తడిపింది ఆమె. నేను సాయంత్రం వచ్చి చూసేవాణ్ణి. తర్వాత నాకు ఊరూరా బదిలీలు. ఇంట్లో నిలబడ్డది ఆమె.

ఆరోజు రాత్రి బీరువా తీసి చూశాను. స్థలం దస్తావేజు నా పేరిట. పట్టా, ఇంటిపన్ను, కరెంటు, గ్యాసు అన్నీ నా పేరిటే. ఆమె పేరున్నది ఒక్కచోటే: పాలవాడి లెక్కపుస్తకంలో.

అల్లుడికి మూడు నెలల్లో దిద్దుకోమన్న తప్పును నేను దాదాపు ఇరవై ఏళ్ళు మోశాను. ఇంటి లోను 2021లోనే తీరింది. కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి. అడ్డమేమీ లేదు, తోచలేదు అంతే.

పోయిన నెల దస్తావేజులు రాసే ఆయన్ను కలిసి సగం భాగం ఆమె పేరిట సెటిల్‌మెంటు రాయమన్నాను. "ఏం సార్, ఏదైనా వ్యవహారమా?" అన్నాడు. లేదయ్యా, బాకీ అన్నాను. వచ్చేవారం రిజిస్ట్రేషన్. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది: సంతకం తెలుగులోనే పెడుతుందట.

అమ్మాయికి చెబితే అటునుంచి చాలాసేపు నవ్వింది. "అమ్మకి కొత్తిల్లు కదా నాయనా, పాలు పొంగించండి" అంది. పొంగిస్తాం. మా ఇంట్లో అలారం లేదు.

మీ బీరువా కూడా ఒకసారి తీసి చూడండి. మళ్ళీ వచ్చే సంచికలో కలుద్దాం.