తీర్పు వచ్చింది, అమలు ఏదీ?

మాచర్లలోనైనా నరసరావుపేటలోనైనా తెల్లవారుజామున రోడ్లు ఊడ్చి, కాల్వలు తీసేవారిలో ఎక్కువమంది పర్మినెంటు ఉద్యోగులు కారు. ఆదివారం వారిలో అనేకులు మన పక్కనే కూర్చుని ఆరాధిస్తారు. కనుక వారి కోర్టు గోడు సంఘానికి సంబంధం లేనిదని మేము అనుకోవడం లేదు.

2020 జూలైలో ఆప్కాస్ మొదలయ్యాక కాంట్రాక్టరు బెడద తగ్గింది, జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. అది మేలే. కాని హోదా మాత్రం ఔట్‌సోర్సింగే. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది పర్మినెంటు కోసం, సమాన పనికి సమాన వేతనం కోసం.

న్యాయస్థానాలు మౌనంగా లేవు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. దొడ్డిదారి నియామకాలకు హక్కు లేదన్నది ఒకటి. మంజూరైన పోస్టుల్లో కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పనిచేసిన అర్హులను ఒకసారికి క్రమబద్ధీకరించాలన్నది రెండోది. ప్రభుత్వాలు మొదటి మాట కంఠస్థం చేశాయి, రెండోది మరచాయి. ఆ ధోరణిని 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో అదే కోర్టు తప్పుపట్టి, కేంద్ర జల సంఘంలో ఊడ్చేవారిని, తోటమాలిని క్రమబద్ధీకరించమంది.

లూకా 18లోని విధవరాలు పదేపదే తిరిగి చివరకు న్యాయం పొందింది. ఆమె కథ అక్కడ ముగిసింది. మన కార్మికులకు తీర్పు వచ్చాక రెండో తిరుగుడు మొదలవుతోంది. "పరిశీలించండి" అని కోర్టు అంటే, అధికారి పరిశీలించి తిరస్కరిస్తాడు. మళ్లీ రిట్, మళ్లీ అప్పీలు. ధిక్కార పిటిషన్ వేద్దామంటే చట్టం ఇచ్చిన గడువు ఏడాదే. ఈలోగా కొందరు రిటైరవుతారు, కొందరు కన్నుమూస్తారు.

అందుకే 2025 ఆగస్టు 19న ధరమ్ సింగ్ కేసు తీర్పు మాకు ముఖ్యమనిపించింది. ఉత్తరప్రదేశ్‌లో 1989-92 మధ్య చేరిన దినకూలీల విషయంలో సుప్రీంకోర్టు "పరిశీలించండి" అనలేదు. 2002 నుంచి క్రమబద్ధీకరించాలని, అవసరమైతే అదనపు పోస్టులు సృష్టించాలని, బకాయిలు గడువులోగా చెల్లించి అమలుపై అఫిడవిట్ వేయాలని ఆదేశించింది. తీర్పంటే ఇలా తేదీలతో ఉండాలి. ధిక్కారానికి ఫలితమూ ఉండాలి. గుంటూరులో హైకోర్టు ఉత్తర్వును కాదని గుడిసెలు కూల్చిన అధికారి హోదాను 2025 మేలో సుప్రీంకోర్టు తగ్గించింది.

అయితే ఎవరికీ వట్టి ఆశ చూపకూడదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు రెగ్యులర్ ఉద్యోగులతో సమానత్వం కోరలేరని 2026 జనవరిలో నంద్యాల మున్సిపాలిటీ కేసులో అదే కోర్టు చెప్పింది. నేరుగా చేరినవారి దారి వేరు, ఏజెన్సీ ద్వారా వచ్చినవారి దారి వేరు. రెండోవారికి కోర్టుకంటే ప్రభుత్వ నిర్ణయమే ముఖ్యం.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఒక్కటే. ఒకరు గెలిచిన తీర్పును అదే స్థితిలో ఉన్న అందరికీ వర్తింపజేయండి. ఊడ్చే మనిషి చేత లాయరు ఫీజు కట్టించకండి.

సంఘాలు చేయగలిగిందీ ఉంది. చదువుకున్న యౌవనులు కార్మికుల నియామక పత్రాలు, హాజరు, పీఎఫ్ వివరాలు, కోర్టు ఉత్తర్వు నకళ్లు ఒక ఫైలులో భద్రపరచి పెట్టాలి. ఉత్తర్వు వచ్చిన తేదీ రాసి, ఏడాది గడువు దాటకుండా గుర్తుచేయాలి.

మరొకటి. పేదవాని కూలి పొద్దుపోయేలోగా ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. మన బడుల్లో ఆయాలు, మన ఆసుపత్రుల్లో వార్డుబాయిలు, మన మందిరం కాపలాదారు ఎన్నేళ్లుగా "తాత్కాలికం"? ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు ఈ నెల కమిటీ మీటింగులో ఆ రిజిస్టరు తెరిచి చూద్దాం.